పూస కూడా చారిత్రక ఆధారమే: కొండాపూర్ నుంచి సిర్పూర్ దాకా

పూసలు, తీగ, రంగురాళ్లు కలిపి నగలు చేయడం ఇప్పుడు హాబీ. చరిత్ర విద్యార్థికి మాత్రం పూస ఒక ఆధారం. శాసనం రాజు పేరు చెబితే, పూస పనివాడి నైపుణ్యం చెబుతుంది.

హరప్పా నాగరికత: చన్హుదారో, లోథాల్‌లలో పూసల కార్ఖానాలు బయటపడ్డాయి. ఎర్రటి కార్నీలియన్ రాయిపై క్షార ద్రావణంతో గీతలు గీసి, వేడిచేసి తెల్లటి నమూనాలు తెచ్చేవారు. ఇలాంటి పూసలు మెసొపొటేమియాలోని ఊర్ సమాధుల్లోనూ దొరికాయి. అంటే విదేశీ వ్యాపారానికి ఇవే సాక్ష్యం.

శాతవాహన యుగం: సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తవ్వకాల్లో నాణేలతో పాటు రాతి, గాజు పూసలు విరివిగా లభించాయి.

గాజు పూసలు: కరిగిన గాజును సన్నటి గొట్టంలా సాగదీసి ముక్కలు చేసే పద్ధతికి అరికమేడు పేరుపొందిన కేంద్రం. ఈ పూసలు ఆగ్నేయాసియా దాకా వెళ్లాయి. అదే పద్ధతి తిరుపతి దగ్గరి పాపానాయుడుపేటలో 20వ శతాబ్దం వరకూ నిలిచింది.

కొండాపూర్ పూసలపై 1952లో గ్రంథం వెలువరించిన ఎం.జి. దీక్షితే, 1953-56 మధ్య మా రాయ్‌పూర్‌కు సుమారు 80 కి.మీ. దూరంలోని సిర్పూర్‌లో తవ్వకాలు జరిపి బౌద్ధ విహారాలను వెలికితీశారు. నా నోట్స్‌లో సిర్పూర్ అంటే లక్ష్మణ ఆలయం, హ్యూయెన్ త్సాంగ్, అంతే. శాతవాహనుల ఆర్థిక వ్యవస్థపై రాసిన ప్రాక్టీస్ జవాబులోనూ నాణేలు, శాసనాలే ఉన్నాయి. చేతివృత్తులవారి మీద ఒక్క వాక్యం లేదు. మార్కులు తగ్గింది అక్కడే.

ముగింపు: మ్యూజియం పూసను భద్రపరచగలదు, పనితనాన్ని కాదు. అది చేతి నుంచి చేతికే అందాలి.

సాధన ప్రశ్న: ప్రాచీన భారత వాణిజ్య చరిత్రకు పూసలు ఎంతవరకు ఆధారాలు? (150 పదాలు)