అలెక్స్ పెట్టిన నిమ్మరసం కొట్టు

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం, మాంచెస్టర్ ఊళ్ళో పుట్టిన అలెగ్జాండ్రా స్కాట్‌కి 2000 జనవరి 18న నాలుగేళ్ళు నిండాయి. అందరూ అలెక్స్ అనే పిలిచేవారు. పుట్టినరోజు మర్నాడే ఆస్పత్రిలో ఆ పిల్లకి మూలకణాల మార్పిడి చేశారు. ఆ రోజుల్లోనే తల్లి లిజ్‌తో ఒక మాట అంది. ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్ళాక నిమ్మరసం కొట్టు పెడతానని, వచ్చిన డబ్బు డాక్టర్లకిస్తానని, తనకి సాయం చేసినట్టే వాళ్ళు మిగతా పిల్లలకీ చేస్తారని.

ఇవాళ ఆ కొట్టు పేరుతోనే ఒక సంస్థ నడుస్తోంది. ఇప్పటిదాకా 25 కోట్ల డాలర్లకు పైగా పోగుచేసి, వెయ్యికి పైగా పిల్లల క్యాన్సర్ పరిశోధనలకు నిధులిచ్చింది. చాలామంది ఈ అంకె దగ్గరే ఆగి ఆశ్చర్యపోతారు. నాకు మాత్రం, డబ్బు ఎవరికి చేరాలో ఆ పిల్ల గ్లాసు కడగకముందే తేల్చుకోవడం అంతకంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది.

అలెక్స్‌కి వచ్చిన జబ్బు న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్. గర్భంలో ఉండగా నాడీకణాలుగా ఎదగవలసిన కణాలు మధ్యలో దారితప్పి గడ్డలు కట్టడం వల్ల వస్తుంది. ఎక్కువగా మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల్లోనూ, వెన్నెముక వెంబడీ పుడుతుంది. అయిదేళ్ళలోపు పిల్లలే దీని బారిన ఎక్కువగా పడతారు. ఆమెకి మొదటి పుట్టినరోజు ఇంకా రాకముందే బయటపడింది. బతికినా నడవడం అనుమానమే అన్నారు డాక్టర్లు. రెండు వారాల తర్వాత తల్లిదండ్రులు కాలు తన్నమ్మా అని అడిగితే కాస్త కదిపింది. రెండో పుట్టినరోజు నాటికి పాకుతోంది, కాళ్ళకి పట్టీల ఆసరాతో నిలబడుతోంది. ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకునేలోపే గడ్డలు మళ్ళీ పెరిగాయి.

మూలకణాల మార్పిడి అంటే పెద్దవాళ్ళకే గుండె జారిపోయే చికిత్స. ఈ జబ్బులో సాధారణంగా పిల్లల మూలకణాల్నే ముందుగా తీసి దాచిపెడతారు. తర్వాత క్యాన్సర్ మందుని మామూలుగా ఒళ్ళు తట్టుకోలేనంత మోతాదులో ఎక్కిస్తారు. దాంతో గడ్డతోపాటు ఎముకల్లోని మజ్జ కూడా దెబ్బతింటుంది. అప్పుడు దాచిన కణాల్ని తిరిగి ఎక్కించి, మజ్జ మళ్ళీ రక్తం తయారుచేసేదాకా వారాల తరబడి ఎదురుచూస్తారు. అలాంటి చికిత్సలో నోరంతా పుళ్ళు పడతాయి, గుటక మింగడమే కష్టమవుతుంది. ఎవరు పలకరించాలన్నా మాస్కు వేసుకుని రావాలి. అలాంటి రోజుల్లో నాలుగేళ్ళ పిల్లకి పక్క మంచాల మీది పిల్లలు గుర్తుకు రావడం మామూలు సంగతి కాదు.

నిమ్మరసం కొట్టు అమెరికాలో ప్రతి వీధికీ తెలిసినదే. వేసవి సెలవుల్లో పిల్లలు ఇంటి ముందు ఒక మడత బల్ల వేస్తారు. కూజా నిండా నిమ్మరసం కలుపుతారు, అట్టముక్క మీద రంగు పెన్నులతో ధర రాసి తగిలిస్తారు, దారిన పోయేవాళ్ళని పిలిచి అమ్ముతారు. నిమ్మకాయలు, పంచదార, నీళ్ళు, ఐసు. సరుకు అమ్మానాన్నలు కొనిస్తారు, వచ్చిన చిల్లర పిల్లలది. అక్కడ పిల్లల్ని పెంచుతున్న మన తెలుగువాళ్ళకి కూడా ఈ బల్ల పరిచయమే. ఇంత చిన్న వ్యాపారానికీ లైసెన్సు లేదని కొన్నిచోట్ల అధికారులు మూయించిన సందర్భాలున్నాయి. పిల్లల కొట్లని ఎవరూ ఆపకూడదని టెక్సాస్ రాష్ట్రం 2019లో ప్రత్యేకంగా చట్టమే చేసుకోవలసి వచ్చింది.

మన ఊళ్ళలో ఎండలు ముదిరితే చలివేంద్రం పెట్టి నీళ్ళూ మజ్జిగా ఊరికే పోస్తాం. నిమ్మరసం కొట్టు దగ్గర తాగేవాళ్ళు డబ్బివ్వాలి. అలెక్స్ ఆలోచనకి బలం అక్కడే వచ్చింది. చందా పుస్తకం పట్టుకుని గుమ్మం ముందు నిలబడితే ఇచ్చేవాళ్ళకీ మొహమాటమే, అడిగేవాళ్ళకీ మొహమాటమే. గ్లాసు చేతిలో పెట్టి డబ్బు పుచ్చుకుంటే ఇద్దరికీ ఆ ఇబ్బంది లేదు. పైగా రేటు ఎంతైనా, ఇచ్చేవాళ్ళు తమ మనసుకి తోచినంత ఇచ్చి చిల్లర అక్కర్లేదనవచ్చు.

జనవరి చలిలో కొట్టు పెట్టడం కుదరదు. వేసవి వచ్చేదాకా ఆగవలసి వచ్చింది, ఆ పిల్ల మాత్రం మరిచిపోలేదు. మహా అయితే అయిదో పదో డాలర్లు వస్తాయని తల్లి అనుకుంది. 2000 జూలైలో అన్నయ్య సాయంతో అలెక్స్ బల్ల వేసింది. ఆ ఒక్కసారికే రెండు వేల డాలర్లకు పైగా వచ్చాయి. ఇలాంటి కొట్లలో గ్లాసు ధర అర డాలరో, ఒక డాలరో ఉంటుంది. ఆ లెక్కన వేల గ్లాసులు అమ్మాలి, ఒక ఇంటి ముంగిట్లో అది అయ్యే పని కాదు. అంటే ఒక గ్లాసు తాగి నోట్లు పెట్టి వెళ్ళినవాళ్ళే ఎక్కువమంది. డబ్బు మొత్తం తన ఆస్పత్రికే ఇచ్చింది.

మరుసటి సంవత్సరం మెరుగైన చికిత్స కోసం కుటుంబం ఫిలడెల్ఫియా దగ్గరికి మారింది. అక్కడి పిల్లల ఆస్పత్రిలో న్యూరోబ్లాస్టోమా మీద గట్టి పరిశోధన జరుగుతోంది. ఊరు మారినా కొట్టు మాత్రం మానలేదు, ఏటా వేసవిలో బల్ల పడుతూనే ఉంది. వచ్చిన డబ్బు ఒక్క న్యూరోబ్లాస్టోమాకే ఇద్దామా అన్న మాట ఇంట్లో వచ్చినప్పుడు అలెక్స్ ఒప్పుకోలేదు. గడ్డలు పోవాలని పిల్లలందరికీ ఉంటుంది కదా అంది. మొదట నా ఆస్పత్రి అన్న పిల్ల, ఏడాదో రెండేళ్ళో గడిచేసరికి అన్ని ఆస్పత్రులూ, అన్ని రకాల క్యాన్సర్లూ అంది. ఆ సంస్థ ఈనాటికీ అదే పద్ధతి పాటిస్తోంది.

2004లో పది లక్షల డాలర్లు రావాలని అలెక్స్ లక్ష్యం పెట్టుకుంది. ఆమె సంగతి టీవీలోనూ పత్రికల్లోనూ విని, ముక్కూ మొహం తెలియనివాళ్ళు తమ వీధుల్లో బల్లలు వేశారు. ఆ జూన్‌లో అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ, కెనడాలోనూ, ఫ్రాన్స్‌లోనూ అలెక్స్ పేరుతో నిమ్మరసం అమ్మారు. తక్కువ పడితే తాము పోగుచేసి లక్ష్యం దాటిస్తామని వోల్వో కార్ల కంపెనీ ఉత్తర అమెరికా విభాగం ముందుకొచ్చింది. అప్పటికే అలెక్స్ బాగా నీరసించిపోయింది. అయినా తన కొట్టు దగ్గరికి వచ్చింది. ఆగస్టు 1న కన్నుమూసింది. అప్పటికి ఎనిమిదేళ్ళు. పోగైన సొమ్ము మొత్తం పది లక్షల డాలర్లు దాటింది.

తల్లిదండ్రులు లిజ్, జే 2005లో అలెక్స్ మొదలుపెట్టిన పనిని సంస్థగా నమోదు చేశారు, అలెక్స్ లెమొనేడ్ స్టాండ్ ఫౌండేషన్ అని. ఆ ఏడాదే ఇంకో వింత జరిగింది. అఫ్లీట్ అలెక్స్ అనే పందెపు గుర్రం యజమానులు ఫిలడెల్ఫియా ప్రాంతంవాళ్ళు. పేరు కలిసిందని, గెలిచిన సొమ్ములో కొంత ఈ సంస్థకిచ్చారు. అమెరికాలో అతి పెద్ద పందేలు మూడు. కెంటకీ డెర్బీలో ఆ గుర్రం మూడోదిగా వచ్చింది. ప్రీక్‌నెస్‌లో ఇంకో గుర్రం అడ్డం రావడంతో కాళ్ళు తడబడి దాదాపు నేలకి ఒరిగింది, లేచి పరుగెత్తి గెలిచింది. బెల్మాంట్‌లోనూ గెలిచింది. పందెం మైదానాల పక్కన కూడా నిమ్మరసం కొట్లు వెలిశాయి. కనెక్టికట్‌లో ఒక ఇంటి ముందు మొదలైన కొట్టు గురించి ఆ గుర్రం వల్ల ఇంకా ఎంతోమందికి తెలిసింది.

ఇంత డబ్బు దేనికి పనికొచ్చిందో చెప్పకపోతే కథ సగమే అవుతుంది. పిల్లల క్యాన్సర్లు పెద్దవాళ్ళకి వచ్చే వాటితో పోలిస్తే అరుదు. మందుల కంపెనీకి అమ్మకాలు తక్కువ, అందుకే ఖర్చు పెట్టడానికి వెనకాడుతుంది. ప్రభుత్వ పరిశోధన నిధుల్లోనూ పిల్లలకి దక్కేది చిన్న వాటానే. అన్నిటికంటే కష్టం కొత్తగా వచ్చిన యువ శాస్త్రవేత్తది. ఆలోచన ఉంటుంది, కానీ ఆధారాలు చూపిస్తేనే పెద్ద నిధులిస్తారు, నిధులుంటేనే ఆధారాలు దొరుకుతాయి. అలెక్స్ సంస్థ డబ్బు ఎక్కువగా ఈ చిక్కుముడి దగ్గరికే వెళ్ళింది. యువ పరిశోధకులకి మొదటి గ్రాంటు, పెద్ద సంస్థలు సాహసమనుకుని పక్కన పెట్టే ఆలోచనలకి గ్రాంటు, సెలవుల్లో ప్రయోగశాలలో పని నేర్చుకునే వైద్య విద్యార్థులకి గ్రాంటు.

2008లో ఫిలడెల్ఫియా పిల్లల ఆస్పత్రిలో యాయెల్ మోసే, జాన్ మారిస్ బృందం వంశపారంపర్యంగా వచ్చే న్యూరోబ్లాస్టోమాకి ఏఎల్‌కే అనే జన్యువులోని మార్పే ముఖ్య కారణమని కనిపెట్టింది. ఆ జన్యువుని అడ్డుకునే క్రైజోటినిబ్ అనే మందు అప్పటికే పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్యాన్సర్ కోసం తయారవుతోంది. దాన్ని పిల్లల మీద పరీక్షించే పనికి మోసే నాయకత్వం వహించారు. ఆ పరిశోధనకి అండగా నిలిచినవాళ్ళలో అలెక్స్ సంస్థ ఒకటి. న్యూరోబ్లాస్టోమాలో ఆ మందు ఆశించినంత పని చెయ్యలేదు. అదే జన్యువు వల్ల వచ్చే లింఫోమా అనే క్యాన్సర్‌లోని ఒక రకంలో మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది, 2021లో పిల్లలకి వాడడానికి అమెరికాలో అనుమతి వచ్చింది. గడ్డలు పోవాలని పిల్లలందరికీ ఉంటుంది కదా అన్న మాట ఎంత ముందుచూపుతో అన్నదో దీన్నిబట్టి తెలుస్తుంది. డబ్బు ఒక్క జబ్బుకే కట్టేసి ఉంటే సంస్థ ఇంత దూరం చూడగలిగేది కాదు.

పిల్లల క్యాన్సర్ మందుల కథలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా ముందుకి వెళ్ళలేను. న్యూయార్క్ దగ్గర లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1947-48లో రక్తక్యాన్సర్ పిల్లలకి తాత్కాలికంగానైనా ఉపశమనం ఇవ్వగలిగాడు. ఆ 1948లోనే ఫార్బర్ పని కోసం పుట్టిన జిమ్మీ ఫండ్‌ని నిలబెట్టింది న్యూ ఇంగ్లండ్ వెరైటీ క్లబ్‌లోని సినిమా వ్యాపారులు. హాళ్ళలో డబ్బాలు తిప్పి ప్రేక్షకుల చిల్లర పోగుచేశారు. మందు ఒకచోట తయారైతే, దాన్ని రోగి దాకా చేర్చే డబ్బు ఇలా చిల్లర వ్యాపారాల నుంచి రావడం అలెక్స్‌కి అర్ధశతాబ్దం ముందే ఉంది.

అలెక్స్ సంస్థ ఖర్చుల్లో నాకు మరీ నచ్చినది ప్రయాణాల సాయం. చికిత్స దొరికే ఊరు దూరమైతే పిల్లనీ వెంట వచ్చేవాళ్ళనీ చేర్చడానికీ, అక్కడ ఉండడానికీ డబ్బిస్తారు. ఇంట్లో ఒక బిడ్డకి జబ్బు చేస్తే అందరి ధ్యాసా ఆ బిడ్డ మీదే ఉంటుంది. మిగిలిన పిల్లలు దిక్కులేనివాళ్ళలా అయిపోతారు. ఆ తోబుట్టువుల కోసం కూడా ఒక కార్యక్రమం నడుపుతారు.

వ్యాపారం చేసి క్యాన్సర్ రోగులకి ఇస్తామనే బోర్డులన్నీ ఇంత శుభ్రంగా ఉండవు. గులాబి రిబ్బను అంటించిన సరుకుల మీద లాభంలో కొంత భాగం అని రాస్తారు. కొంత అంటే ఎంతో, ఎవరికో రాయరు. ఈ సంగతి పట్టుకుని అమెరికాలో బ్రెస్ట్ క్యాన్సర్ యాక్షన్ అనే సంస్థ 2002లో ఒక ప్రచారం మొదలుపెట్టింది. ఎంత ఇస్తారు, ఎవరికిస్తారు, దానితో ఏం చేస్తారు అని కొనేవాళ్ళనే అడగమంది. నాలుగేళ్ళ పిల్ల ఈ మూడింటికీ ముందే జవాబు చెప్పి కొట్టు తెరిచింది. మొత్తం, డాక్టర్లకి, మిగతా పిల్లల కోసం. పెద్దలు నడిపే కంపెనీలు కూడా అంత స్పష్టంగా చెప్పాలని అడిగే హక్కు కొనేవాళ్ళకుంది.

ధనిక దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా బతికి బయటపడుతున్నారు. ఆదాయం తక్కువున్న చాలా దేశాల్లో 30 మంది కూడా దక్కడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జబ్బు ఆలస్యంగా బయటపడడం, మందులు దొరకకపోవడం ఒక ఎత్తు. సగంలో చికిత్స మానేయడం ఇంకో ఎత్తు. మన దగ్గర ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఆస్పత్రి ఖర్చు చాలావరకు భరిస్తున్నా, నెలల తరబడి నగరంలో ఉండడానికి గది, తిండి, రానుపోను బస్సు ఛార్జీలు, తండ్రి పోగొట్టుకునే కూలి ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

అందుకే ఇది చదువుతున్నవాళ్ళలో టీ కొట్టో, టిఫిన్ సెంటరో, మిఠాయి దుకాణమో, చీరల షాపో నడిపేవాళ్ళకి నాదొక మనవి. ఏడాదికి ఒక్క రోజు అమ్మకం క్యాన్సర్ పిల్లలకి అనుకోండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా, మీ ఊరికి దగ్గరలో ఏది ఉంటే ఆ క్యాన్సర్ ఆస్పత్రికి ముందుగా వెళ్ళి, పిల్లల వార్డులో ఏం కావాలో అడగండి. వాళ్ళు చెప్పిన పని పేరే బోర్డు మీద రాయండి. సాయంత్రం గల్లాపెట్టె లెక్క తేలాక ఎంత వచ్చిందో, రసీదు నంబరు ఎంతో అదే బోర్డు మీద రాసి, వారం రోజులు తీయకుండా ఉంచండి.