మూలద్రవ్యములకుఁ దెలుఁగు పేర్లు

మా ఉప్పునుంతల పేరు ఉప్పుతో మొదలగుచున్నది గనుక నేనును ఉప్పుతోనే మొదలిడెదను. మనము కూరలో వేసికొను ఉప్పునందు రెండు మూలద్రవ్యము లున్నవి. ఒకటి సోడియము, కత్తితోఁ గోయఁదగినంత మెత్తని లోహము, నీటఁ బడిన భగ్గుమనును. రెండవది క్లోరినను విషవాయువు. ఈ రెండును గలిసి మన నాలుకకు రుచియైనవి!

ఇట్టి సంగతులు ఇంగ్లీషు రానివారికిని దెలియవలెనని కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మొదలగువారు 1906లో హైదరాబాదునందు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పిరి. చరిత్రలతోపాటు వేమూరి విశ్వనాథశర్మగారి ‘రసాయన శాస్త్రము’ను గూడ మండలి ప్రకటించెను.

ఇట్టి గ్రంథములు వ్రాయువారికిఁ బేర్లతోనే చిక్కు. ఇనుము, రాగి, సీసము, గంధకము మన యింటి మాటలే. నేఁడు లెక్కకు వచ్చిన మూలద్రవ్యములు 118, తక్కినవానికిఁ బేర్లేవి? నీటిని బుట్టించునది ఉదజని యనిరి. పులుపును బుట్టించునది ఆమ్లజని యనిరి. ఈ రెండవ పేరులో ఫ్రెంచి పండితుఁడు లవోషియే చేసిన పొరపాటు దాఁగియున్నది. ఆమ్లములన్నిటను ఈ వాయువుండునని యతఁడు తలఁచెను. ఉప్పునుండి తీయు ఆమ్లమునం దది లేనే లేదని 1810లో ఇంగ్లండున హంఫ్రీ డేవీ చూపెను. తప్పు తొలఁగినది, పేరు నిలిచినది. నాకు మాత్రము ప్రాణవాయువను మాటయే మేలు. అక్షరము రాని ముసలమ్మకైనను అది తెలియును.

యురేనియమునకుఁ దెలుఁగు పేరు లేదు. 1789లో జర్మను శాస్త్రజ్ఞుఁడు క్లాప్రోత్ దానిని గనుగొనెను. ఈ లోహము కంటికిఁ గనఁబడని కిరణములను వెడలించుచు, తనంత తాను మాఱి మాఱి కడకు సీసమగును. అందు సగము మాఱుటకే సుమారు 450 కోట్ల యేండ్లు పట్టును.

అచ్చంపేట కావలనున్న అమ్రాబాదు అడవిలో 83 చదరపు కిలోమీటర్లమేర ఈ లోహమును వెదకవలెనను ప్రతిపాదనవలన 2019లో నల్లమలయంతయుఁ గలఁత చెందెను. యురేనియము త్రవ్వకము వలదని సెప్టెంబరు 16వ తేదీన తెలంగాణ శాసనసభ తీర్మానించెను. ఆ దినములలో ఒక వృద్ధుఁడు నన్ను “అయ్యా, అది రాయియా, విషమా? బోరు నీళ్లలోనికి దిగునా?” యని యడిగెను. రాతిలోనుండు లోహమనియు, కొన్ని రూపములలో నీటఁ గరఁగుననియు, అట్టి నీరు మిక్కిలిగాఁ ద్రాగిన మూత్రపిండములకుఁ జెఱుపనియుఁ జెప్పితిని. “ఇది వ్రాసిన తెలుఁగు పుస్తక మున్నదా? మా మనుమఁడు చదివి వినిపించును” అనెను. నా సంచిలో నున్నవన్నియు ఇంగ్లీషు పుస్తకములే.