దాంపత్యమున రుచిభేదము

వివాహవ్యవస్థను గూర్చి వ్రాసినవారు కులగోత్రములను, కట్నకానుకలను, వారసత్వమును విపులముగా చర్చించినారు. వంటయింటిని గూర్చి వారు చెప్పినది స్వల్పము. ఐనను దంపతులు దినమునకు రెండు మూడు మారులు కలిసికొను తావు అదియే. అక్కడ ఒకరు ప్రతి కూరకును వంక పెట్టుచు, వడ్డించిన పది వస్తువులలో ఎనిమిదింటిని త్రోసివేయుచున్నచో రెండవవారి గతి యేమి? అది సర్దుకొనదగిన విషయమా, లేక బంధమునే త్రెంచుకొనుటకు చాలిన కారణమా?

ఈ ప్రశ్నను పరిశీలించుటకు రాయపూర్ తగిన నగరము. 1931లో విజయనగరం–రాయపూర్ రైలుమార్గము పూర్తియైన తరువాత ఉత్తరాంధ్రమునకును ఆ ప్రాంతమునకును రాకపోకలు సులభమైనవి. 1950ల ఉత్తరార్ధమున, సమీపమున వెలసిన భిలాయి ఉక్కు కర్మాగారము మరికొన్ని తెలుగు కుటుంబములను అటు రప్పించినది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రమై, రాయపూర్ దానికి రాజధాని అయినది. నేడు శంకర్ నగర్ వంటి పేటలలో వేర్వేరు వంటల వాసనలు ఒకే వీధిలో కలిసికొనుట వింత కాదు. ఆ వంటలకు మన వంటలతో చుట్టరికము లేకపోలేదు. అన్నమును రాత్రి నీటిలో నానబెట్టి ఉదయము తిను ‘బోరే బాసీ’ మన చద్దియన్నమునకు తోబుట్టువు. తెలుగువారు పచ్చడి నూరుకొను గోంగూరయే అక్కడ ‘అమారీ భాజీ’ పేర కూరయగును. ఆకు ఒక్కటే, పచ్చడిగా ప్రాణమైనది కూరగా గొంతు దిగకపోవచ్చును. ఒకే ఊరిలో పుట్టి పెరిగిన దంపతుల నడుమను ఇట్టి భేదము ఉండవచ్చును.

ప్రాచీనులకు ఈ సంగతి తెలియనిది కాదు. వాత్స్యాయనుని కామసూత్రములలో భార్య నడవడిని చెప్పు అధికరణము, భర్తకు ఏది రుచించును, ఏది గిట్టదు, ఏది పథ్యము, ఏది అపథ్యము అను నాలుగు విషయములను ఆమె ఎరిగియుండవలెనని విధించినది. రుచికిని పథ్యమునకును భేదము చూపుటలో శాస్త్రకారుని సూక్ష్మదృష్టి కనబడుచున్నది. కాని భార్యకు ఏది గిట్టదో భర్త తెలిసికొనవలెనను నియమము ఆ పట్టున లేదు. ఆ ఏకపక్షధోరణి పెక్కు కుటుంబములలో ఆచారమై నిలిచినది. భర్త కంచమును త్రోసివేసినచో అది అభిరుచి అనిపించుకొన్నది; భార్య త్రోసివేసినచో అది పొగరు అనిపించుకొన్నది.

ఐతే భోజనమును నిరాకరించుటలో పలు విధములు కలవు. వానిని కలగలిపి చూచినచో తీర్పు తప్పును. మొదటిది సంఘము చేయు నిరాకరణము. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు తొలి వితంతువివాహమును జరిపించినప్పుడు, ఆయనకు సహపంక్తి బహిష్కారము సంభవించినది. వంటవారును నీరు తెచ్చువారును ఆ యింటికి రాక మానుకొన్నారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయముగా గోదావరి నీరు మోసికొని వచ్చి వంట చేసినారు. ఊరంతయు ఆ యింటి అన్నమును వలదన్నను ఆ దాంపత్యము చెదరలేదు.

రెండవది శరీరము చేయు నిరాకరణము. ఒక రసాయన పదార్థము కొందరికి మిక్కిలి చేదుగాను, మరికొందరికి ఏ రుచియు లేనిదిగాను తోచునని ఆర్థర్ ఫాక్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1931లో గుర్తించినాడు. ఆ భేదము వంశానుగతమని అనంతర పరిశోధనలు తేల్చినవి. భయము చేతనో, వాసనకును స్పర్శకును ఓర్వలేమి చేతనో ఆహారమును మితిమీరి పరిమితము చేసికొని దేహమును చెరచుకొను స్థితిని 2013లో అమెరికా మనోవైద్యుల సంఘము తన గ్రంథమున ప్రత్యేక రుగ్మతగా పేర్కొన్నది. అట్టివారిని పెంకివారని నిందించుట న్యాయము కాదు. వారికి వైద్యుని సహాయము కావలెను.

మూడవది సంకల్పము చేయు నిరాకరణము. ఇది గృహమును ఎంతవరకు కదల్చగలదో గాంధీజీ, కస్తూరిబాల జీవితము విశదముగా చూపుచున్నది. 1933 నవంబరులో హరిజనయాత్ర సందర్భమున గాంధీజీ రాయపూర్ వచ్చినారు. ఆయన నియమములు అప్పటికి చాలకాలము క్రిందటనే స్థిరపడినవి. ఆవుపాలు, గేదెపాలు వర్జ్యములు. దినమునకు ఐదు వస్తువులకు మించి తినరాదు. ప్రొద్దు క్రుంకిన పిమ్మట భోజనము లేదు.

ఆ ఐదు వస్తువుల నియమము పుట్టిన విధము గమనింపదగినది. 1915లో ఆయన కలకత్తాలో భూపేంద్రనాథ్ బసు గారింట అతిథిగా ఉండినారు. అప్పట్లో ఆయన ఆహారము పండ్లు, గింజలు మాత్రమే. ఆయన కొరకు నగరమున దొరకు గింజలన్నియు తెప్పింపబడినవి. వాని పొట్టు తీయుచు ఆ యింటి స్త్రీలు రాత్రియంతయు మేలుకొన్నారు. నిరాడంబరమని తాను తలచిన ఆహారము ఇతరులకు ఎంత భారమైనదో గాంధీజీ అప్పుడు గ్రహించినారు. ఆ సంవత్సరము ఏప్రిల్‌లో, హరిద్వార కుంభమేళా సమయమున, తన ఆహారమును ఐదు వస్తువులకు పరిమితము చేయుచు వ్రతము పూనినారు. నిరాకరించువాని ఆహారము కొరకును ఎవరో ఒకరు శ్రమింపవలెను. ఆ శ్రమ సాధారణముగా అతని కంటబడదు.

దక్షిణాఫ్రికాలో 1909 ప్రారంభమున కస్తూరిబా తీవ్రముగా జబ్బుపడినారు. డర్బనులో శస్త్రచికిత్స జరిగిన పిమ్మట వైద్యుడు ఆమెకు గోమాంసరసము ఇయ్యవలెనన్నాడు. గాంధీజీ నిర్ణయమును ఆమెకే విడిచినారు. ప్రాణము పోయినను అట్టి ఆహారముతో దేహమును మైలపరచుకొనజాలనని ఆమె స్పష్టముగా చెప్పినారు. బలహీనస్థితిలో ఉన్న ఆమెను వానలోనే ఫీనిక్సు ఆశ్రమమునకు తరలించినారు. భర్త నియమములను మౌనముగా మోసిన ఇల్లాలని కస్తూరిబాను చిత్రించుట పరిపాటి. ఆమెకును తన నియమమున్నదనియు, దానికై మరణమునకు సైతము సిద్ధపడినారనియు ఈ ఘట్టము తెలుపుచున్నది.

తరువాత ఆమెకు రక్తస్రావము తిరుగబెట్టినది. ఉప్పును, పప్పుధాన్యములను మానుమని గాంధీజీ కోరినారు. వానిని మానుమని మీకు చెప్పినచో మీరును మానజాలరని ఆమె బదులు పలికినారు. ఆయన తక్షణమే ఒక సంవత్సరముపాటు ఆ రెంటిని వర్జించుచున్నానని ప్రకటించినారు. ఆమె కలతపడి, తాను మానెదనని, ఆయన తన ప్రతినను ఉపసంహరించుకొనవలెనని వేడుకొన్నారు. ఆయన అంగీకరింపలేదు. ఆమె మొండిపట్టు అని కన్నీరు పెట్టుకొన్నారు. ఈ సంఘటన తన జీవితములోని మధురస్మృతులలో ఒకటి అని గాంధీజీ ఆత్మకథలో వ్రాసికొన్నారు. ప్రేమచేతనే ఆయన ఆ పని చేసినారనుటకు సందేహము లేదు. కాని భార్య మాటకు అవకాశము లేకుండ తలుపు మూసినదియు ఆ ప్రేమయే. మధురస్మృతి ఆయనది, కన్నీరు ఆమెది.

ఐనను తుదిమాట ఆమెకే దక్కిన సందర్భము కలదు. టాల్‌స్టాయ్ క్షేత్రమున ఉండగా 1912లో గాంధీజీ పాలు మానినారు. 1918లో ఖేడా జిల్లాలో సైనికుల నియామకమునకై తిరుగుచున్న కాలమున, ఒక పండుగనాడు మధ్యాహ్నము ఏమియు తినననినారు. కస్తూరిబా నేతికి బదులు నూనెతో గోధుమల తీపిజావ చేసి, పెసలు సిద్ధపరచినారు. భర్త వ్రతమును భంగపరచక, ఆయనకు ప్రీతియైన వంటకమును ఆ హద్దులలోనే వండినారు. ఆయన ఆశ ఆపుకొనలేక తిని, విరేచనములతో మంచము పట్టినారు. 1919 ప్రారంభమున బొంబాయిలో డాక్టర్ దలాల్, పాలు త్రాగనిదే దేహము కోలుకొనదన్నారు. వ్రతమున్నదని గాంధీజీ అడ్డు చెప్పినారు. మంచము చెంత నున్న కస్తూరిబా, మేకపాలకు అభ్యంతరమేమని అడిగినారు. వ్రతము పూనినప్పుడు ఆయన మనస్సున నుండినవి ఆవును గేదెయును మాత్రమే. ఆయన లోబడినారు. వ్రతము యొక్క అక్షరమును కాపాడి ఆత్మను చంపితినని పిదప బాధపడినారు. కాని ఆ మేకపాలతో ఆయన దేహము తేరుకొన్నది. భర్త నియమమును ఆయనకన్న నిశితముగా చదివినది ఆ ఇల్లాలు. 1944 ఫిబ్రవరి 22న పూనాలోని ఆగాఖాన్ భవనమున, నిర్బంధములో, ఆమె మరణించువరకు ఆ దాంపత్యము ఆరు దశాబ్దములకు పైగా నిలిచినది.

గాంధీజీ గురుతుల్యునిగా తలచిన టాల్‌స్టాయ్ గృహమున కథ వేరుగా ముగిసినది. 1880లలో ఆయన మాంసాహారము విడిచినారు. ఆ కొత్త ఆహారము భార్య సోఫియాకు నచ్చలేదు. ఐనను 1910లో వృద్ధుడైన ఆ రచయిత అర్ధరాత్రి ఇల్లు విడిచి, ఆస్తపోవో రైలు స్టేషనులో కన్నుమూయుటకు భోజనము హేతువు కాదు. ఆస్తి, గ్రంథస్వామ్యము, మరణశాసనము, వీనిని గూర్చి ఒకరిపై ఒకరికి నమ్మకము నశించుటయే హేతువు. నమ్మకము సన్నగిల్లిన యింట రెండు విధముల వంట కూడ కలహమునకు గురుతుగా తోచును.

మన చట్టము కూడ ఇట్టి వివేచననే కోరుచున్నది. 1955 నాటి హిందూ వివాహ చట్టమున రుచిభేదము విడాకులకు కారణముగా పేర్కొనబడలేదు. క్రూరత్వము మొదట న్యాయిక వియోగమునకు మాత్రమే ఆధారముగా ఉండి, 1976 సవరణతో విడాకులకును ఆధారమైనది. కాకరకాయ తినకుండుట క్రూరత్వము కాదు. వండినవారిని నిత్యము అవమానించుట, ఎదుటివారి కంచముపై ఆంక్షలు పెట్టుట, ఆకలితో మాడ్చుట క్రూరత్వమునకు దారితీయగలవు.

కావున మొదటి ప్రశ్నకు చరిత్ర ఇచ్చు సమాధానము స్పష్టముగనే ఉన్నది. ‘నేను తినను’ అను మాట ఏ కాపురమును కూల్చలేదు. ‘నీవును తినరాదు’, ‘నాకు వేరుగా వండుట నీ విధి’, ‘నీ చేతివంట తిండియే కాదు’ అను మాటలు కాపురములను కూల్చగలవు. తినని వస్తువుల జాబితా ఎంత పొడవైనదో లెక్కించుటకన్న, దాని బరువును ఎవరు మోయుచున్నారో చూచుట ముఖ్యము. తన నియమమునకు తగిన వంట తానే చేసికొను భర్తతోను, భర్తకు ప్రీతియైన కూరను తాను తినకున్నను ఈసడింపని భార్యతోను జీవించుట కష్టము కాదు. గోంగూరను ఒకరు పచ్చడిగాను, మరొకరు కూరగాను కోరినచో ఒక కట్ట ఆకును రెండు పాళ్లు చేయవచ్చును. కోయుట, కడుగుట, వండుట కూడ రెండు పాళ్లు కావలెను. ఆ పంపకమునకు ఒకరు ఎన్నటికిని ఒప్పుకొననిచో, రెండవవారు విడిపోవుటను గూర్చి ఆలోచించుట తప్పు కానేరదు.