రెక్కల కన్ను: ఆల్బెర్తి కల్పించుకున్న సొంత చిహ్నంపై ఒక పరిశీలన

వంశ లాంఛనం పుట్టుకతోనే సంక్రమిస్తుంది. చాళుక్య ప్రభువు ఎవరైనా వరాహ లాంఛనాన్నే వహించాడు తప్ప తన స్వభావానికి తగిన మరో గుర్తును వెతుక్కోలేదు. ఇందుకు భిన్నంగా 15, 16 శతాబ్దాల ఇటలీలో ఒక వ్యక్తి తన గుణాన్నో సంకల్పాన్నో సూచించడానికి తానే కల్పించుకున్న చిహ్నాన్ని 'ఇంప్రేసా' అనేవారు. సాధారణంగా అందులో ఒక బొమ్మ, దానికి తోడు రెండు మూడు మాటల సూక్తి ఉండేవి. వాటిలో తొలినాళ్లదీ, నేటికీ పూర్తిగా కొరుకుడు పడనిదీ లియోన్ బత్తిస్తా ఆల్బెర్తి (1404–1472) ఎంచుకున్న రెక్కల కన్ను.

ఆల్బెర్తి ఫ్లోరెన్స్ నుంచి బహిష్కృతమైన ఒక సంపన్న వర్తక కుటుంబంలో వివాహేతర సంతానంగా జెనోవాలో జన్మించాడు. తండ్రి పోయాక వారసత్వం విషయంలో బంధువుల నుంచి చిక్కులు ఎదుర్కొన్న ఈ పండితుడికి వంశ చిహ్నం ఎంతవరకు తనదనిపించిందో ఊహించవచ్చు. తల్లిదండ్రులు పెట్టిన బత్తిస్తా అనే పేరుకు ముందు సింహాన్ని స్ఫురింపజేసే 'లియోన్'ను తానే చేర్చుకున్నాడు కనుక, తనను తాను రూపొందించుకునే ప్రయత్నం బొమ్మ దాకా రాకముందే పేరులో మొదలైందనాలి.

వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉన్న, 1435 ప్రాంతానికి చెందినదిగా భావించే సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తైన కంచు ఫలకాన్ని ఆయన స్వీయ రూపచిత్రంగా పరిగణిస్తున్నారు. పురాతన రోమన్ల తీరులో పక్కకు తిరిగిన ముఖం, దాని గడ్డం కింద ముద్ర వేసినట్టు చిన్న రెక్కల కన్ను అందులో కనిపిస్తాయి. కొన్నేళ్ల తరువాత మత్తేయో దే పాస్తి పోతపోసిన పతకం వెనుకవైపు అదే కన్ను పెద్దదై, చుట్టూ లారెల్ ఆకుల దండతో, కింద 'క్విద్ తుమ్' (అయితే ఏమిటి?) అనే లాటిన్ ప్రశ్నతో దర్శనమిస్తుంది. కంటి కొనల నుంచి తీగల్లాంటివి బయటికి సాగుతాయి. 1435లోనే వెలువడిన చిత్రకళా గ్రంథంలో ఆల్బెర్తి చూపును కిరణాల పిరమిడ్‌గా వివరిస్తూ, ఆ కిరణాలు కంటి నుంచి పుడతాయా వస్తువు నుంచా అన్న ప్రాచీనుల వాదాన్ని తన పనికి అనవసరమని పక్కన పెట్టాడు; చిహ్నంలోని తీగలను కిరణాలుగా చదివితే మాత్రం అవి కంటి పక్షాన నిలిచినట్టే (శిల్పికి ఈ వెసులుబాటు ఉంది, శాస్త్రకారుడికి లేదు).

ఉంగరాల గురించి రాసిన ఒక లఘు రచనలో ఆయన కంటిని అవయవాలన్నిటిలో శక్తిమంతమైనదిగా, వేగవంతమైనదిగా, దైవంతో పోల్చదగినదిగా అభివర్ణించాడు గాని సూక్తిని విడమరచలేదు. దాన్ని వర్జిల్ పదవ గోపగీతంతో ముడిపెట్టి, పుట్టుకలోని లోపాన్ని ధిక్కరించే మాటగా కొందరు వ్యాఖ్యానించారు. ఈ వ్యాఖ్య ఆకర్షణీయమే అయినా, దాన్ని ఒప్పుకుంటే చిహ్నమంతా ఒక్క గాయానికి కుదించుకుపోతుంది. కన్ను ఒక్కటే ఉంటే అది ఆత్మస్తుతి అయ్యేది. దాని కింద ప్రశ్న చేరడంతో ఇంత చూసి, ఇంత తెలుసుకుని తరువాత చేసేదేమిటన్న నిలదీత చిహ్నధారి మీదికే తిరుగుతుంది. గుణాన్ని చాటుకోవడం కంటే దాన్ని పరీక్షకు పెట్టడం ఆల్బెర్తి స్వభావానికి దగ్గరగా ఉంటుంది.

ఇంప్రేసాలు కల్పించుకునే ఈ అలవాటుకు శాస్త్రం తరువాత వచ్చింది. పావ్లో జోవియో మరణానంతరం 1555లో అచ్చయిన సంభాషణ గ్రంథం బొమ్మను శరీరంగా, సూక్తిని ఆత్మగా భావించి, చిహ్నం మరీ గూఢంగానో మరీ తేటగానో ఉండరాదనీ, చూడముచ్చటగా ఉండాలనీ, మానవాకృతి కూడదనీ, సూక్తి పరభాషలో క్లుప్తంగా ఉండాలనీ విధించింది. నియమాన్ని కఠినంగా పట్టుకుంటే ఆల్బెర్తి కంటికే చోటు సందేహాస్పదం. మాంతువా పాలకుడైన మార్క్వీస్ భార్య ఇసబెల్లా దెస్తె చిహ్నం ఇంకా పెద్ద ధిక్కారం: 1502లో సోదరుడి వివాహ వేడుకల్లో ఆమె ధరించిన దుస్తుల మీద కుట్టించిన సంగీత లిపిలో స్వరాలు లేవు, విరామ చిహ్నాలు మాత్రమే ఉన్నాయి. మాట దాచుకోగల వివేకానికి అది గుర్తని పలువురు భావించిన ఈ బొమ్మకు సూక్తి లేదు గనుక జోవియో లెక్కలో అది ఆత్మ లేని శరీరమే. ఆమె మాత్రం దాన్ని తన రాజభవనంలోని ఆంతరంగిక మందిరపు పైకప్పు మీద కూడా తీర్పించుకుంది.