ఇంటి మాట, ఊరి తోడు



కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి ఇళ్ళకు మీరెప్పుడైనా వెళ్ళి ఉంటే ఒక సంగతి గమనించే ఉంటారు. వీధిలో తమిళం, వంటింట్లో తెలుగు. పిల్లలు బడిలో చదివేది తమిళమో, ఇంగ్లీషో. తెలుగు అక్షరం ఒక్కటీ రాని ఇళ్ళలో కూడా అవ్వ మనవణ్ణి తెలుగులోనే పిలుస్తుంది, తెలుగులోనే కోప్పడుతుంది, తెలుగులోనే బువ్వ పెడుతుంది.

అలాంటి ఒక ఇంట్లో బిడ్డకు మూడేళ్ళు నిండినా మాట రాలేదనుకోండి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. కుక్కరు ఈల వేస్తే చెవులు మూసుకుంటాడు. బొమ్మ కారుతో అందరిలా ఆడడు కాని, దాని చక్రాన్ని గంటల తరబడి తిప్పుతూ కూర్చుంటాడు. డాక్టరుగారు పరీక్షించి ఇది ఆటిజం అంటారు. తల్లిదండ్రులు ఆ మాటను ఇంకా దిగమింగుకోకముందే ఎవరో ఒకరు సలహా ఇస్తారు. "ఇంట్లో రెండు భాషలు ఉండబట్టే ఇలా అయింది. తెలుగు మానేయండి, బడి భాష ఒక్కటే మాట్లాడండి" అని.

ఈ సలహా సరైనదేనా? ఇది చిన్న ప్రశ్న కాదు. ఆ ఇంట్లో తెలుగు ఆగిపోతే అవ్వకు, మనవడికి మధ్య మాటే ఆగిపోతుంది. అందుకే ఈనాటి ప్రసంగంలో రెండు చరిత్రలు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి మన భాషది, రెండోది ఆటిజంది.

విజయనగర రాజుల కాలంలో తెలుగువారు దక్షిణానికి పెద్దయెత్తున తరలి వెళ్ళారు. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురై పాలన చేపట్టాడు. రాజ్యాన్ని 72 పాలెములుగా ఏర్పాటు చేశారు. సైనికులతో పాటు నల్లరేగడి సాగు చేసే రైతులు, మగ్గం నేసేవారు, వర్తకులు అక్కడికి చేరారు. 1689 నుంచి 1706 వరకు రాజ్యం నడిపిన రాణి మంగమ్మ పేరు మీరు వినే ఉంటారు. ఆమె వేయించిన బాటలను ఇప్పటికీ మంగమ్మాళ్ సాలై అనే పిలుస్తారు. తల్లిదండ్రులు లేని పసి మనవడు విజయరంగ చొక్కనాథుణ్ణి పెంచింది ఈ నాయనమ్మే. ఆ మనవడు పెద్దవాడై తెలుగు వచన రచనను ఆదరించిన రాజుగా సాహిత్య చరిత్రలో నిలిచాడు.

1736తో నాయక రాజ్యం ముగిసింది. ఆస్థానం పోయింది, కవులకు పోషణ పోయింది. అయినా తెలుగు పోలేదు. ఎందుకు? ఆ భాష కొలువుకూటంలో కాక వంటింట్లో, పొలం గట్టున, మగ్గం గుంట దగ్గర బతికింది కనుక. కరిసల్ నేల రచయితగా పేరొందిన కి. రాజనారాయణన్ గారు (1923-2021) తెలుగు ఇంటిలో పుట్టి తమిళంలో రాశారు. తెలుగు కుటుంబాలు దక్షిణానికి వలస వచ్చిన కథను ఆయన 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా మలిచారు. దాని తరువాయి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. రెండు భాషలు ఒకే మనిషిలో ఇమడగలవనడానికి ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలి?

ఇక రెండో చరిత్ర. 1943లో అమెరికాలోని బాల్టిమోరులో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. ఆటిజాన్ని ప్రత్యేకమైన స్థితిగా వైద్యలోకం గుర్తించడానికి దారితీసిన రచన అది. ఆ పిల్లల్లో కొందరు విన్న మాటను విన్నట్టే తిరిగి అంటారనీ, 'నేను' అనవలసిన చోట 'నువ్వు' అంటారనీ ఆయన రాశాడు. మన ఇళ్ళలో దీన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. అమ్మ రోజూ "నీళ్ళు తాగుతావా?" అని అడుగుతుంది. బిడ్డకు దాహం వేసినప్పుడు తనూ "నీళ్ళు తాగుతావా?" అనే అంటాడు. అది ఎగతాళి కాదు, తెలివితక్కువతనమూ కాదు. తనకు నీళ్ళు కావాలని చెప్పడం. అక్కడ "తాగుతాను అనరా" అని గద్దించకండి. నీళ్ళు అందిస్తూ "నీళ్ళు తాగుతాను" అని మీరే మెల్లగా అనండి.

కానర్ చూసిన పిల్లల్లో మొదటివాడు డోనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపి రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరు అతనిది. 1937లో, అతను పసివాడుగా ఉన్నప్పుడు, వైద్యుల సలహా మీద ఇంటికి దూరంగా ఒక సంస్థలో ఉంచారు. ఏడాది తిరిగాక తల్లిదండ్రులు మనసు ఒప్పక ఇంటికి తెచ్చుకున్నారు. అతను ఆ ఊళ్ళోనే పెరిగాడు, చదివాడు, బ్యాంకులో పని చేశాడు, కారు నడిపాడు, దేశదేశాలు తిరిగాడు. 2023లో, 89వ ఏట కన్నుమూశాడు. ఆ కుటుంబానికి డబ్బుకు లోటు లేదన్న మాట నిజమే. కాని డబ్బుతో పాటు ఊరు కూడా కలిసి వచ్చింది. అతని తీరు అంతేనని ఊరివాళ్ళు అతణ్ణి తమలో ఒకడిగా చూసుకున్నారు.

అందరికీ అంత అదృష్టం పట్టలేదు. చాలాకాలం తల్లులు నిందలు మోశారు. తల్లి ప్రేమ లేకనే బిడ్డ ఇలా అయ్యాడని పండితులే రాశారు. 1967లో షికాగోకు చెందిన బ్రూనో బెటల్‌హైమ్ రాసిన పుస్తకం ఆ అపవాదును ఇంకా ప్రచారం చేసింది. అంతకు ముందే, 1964లో, ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి అయిన మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ ఇది పెంపకం లోపం కాదనీ, మెదడు ఎదుగుదలకు సంబంధించినదనీ వాదించాడు. ఆయన మాటే నిలిచింది. నేటి విజ్ఞానం ప్రకారం ఆటిజంలో జన్యువుల పాత్ర పెద్దది. కనుక కోడలి జాతకాన్నీ, గర్భిణిగా ఉన్నప్పుడు ఆమె చూసిన గ్రహణాన్నీ ఇందులోకి లాగకండి.

మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను పేర్కొంది. అందులో ఆటిజం పేరు లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టంలో ఆ పేరు చేరింది. 2016 చట్టం 21 వైకల్యాలలో ఒకటిగా దాన్ని గుర్తించింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. రెండు భాషలు ఆటిజం ఉన్న బిడ్డకు చేటు చేస్తాయా? కెనడాలో 75 మంది పిల్లలను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2012లో వెలువడింది. ఆటిజం ఉన్నవారిలో రెండు భాషల మధ్య పెరిగిన పిల్లలు ఒకే భాష విన్న పిల్లలకంటె అదనంగా వెనుకబడలేదని అందులో తేలింది. తరువాతి పరిశోధనలూ ఆ మాటనే బలపరిచాయి. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. మనసుకు దగ్గరైన భాషలో తల్లి నోటివెంట మాట ధారాళంగా వస్తుంది, జోలపాట వస్తుంది. అరువు తెచ్చుకున్న భాషలో నాలుగు ఆజ్ఞలు మాత్రమే వస్తాయి. ఆ ఇల్లు మూగబోతే నష్టపోయేది బిడ్డే.

అందువల్ల నా మనవి ఇది. తెలుగు మానకండి. చిన్న చిన్న వాక్యాల్లో మాట్లాడండి. "చొక్కా తొడుక్కో" అని చెప్పి జవాబుకు కాస్త ఆగండి. మాట రాని బిడ్డకు బొమ్మలు ఆసరా. పళ్ళు తోముకోవడం, స్నానం, ఇడ్లీ, బడి బండి, ఇలా రోజులో జరిగే పనులను వరుసగా గీసి గోడకు అంటించండి. బొమ్మకు తమిళం, తెలుగు అన్న భేదం లేదు. బడిలో వాడే బొమ్మలే ఇంట్లోనూ వాడితే మరీ మంచిది. బొమ్మలు చూపిస్తే మాట రాదేమోనన్న భయం వద్దు.

మదురైలో చిత్తిరై పండుగ, కోయంబత్తూరులో కోనియమ్మన్ తేరు వచ్చినప్పుడు ఆ జనం, ఆ డప్పులు ఈ పిల్లలకు భరించరాని బాధ కావచ్చు. జనం పలచగా ఉన్న వేళ తీసుకెళ్ళండి. ముందురోజే చెప్పండి. చెవులకు అడ్డు పెట్టండి. బిడ్డ నేలమీద పడి ఏడుస్తుంటే చుట్టూ మూగి చూడకండి. "పెంపకం బాగాలేదు" అనే ఒక్క మాట ఆ తల్లిని మళ్ళీ గడప దాటనివ్వదు. దానికి బదులు, "అమ్మా, ఈ సంచీ నేను పట్టుకుంటాను" అనండి.

కొందరు పిల్లలు చెప్పకుండా ఇల్లు దాటి పోతారు. నీళ్ళంటే మరీ ఆకర్షణ. బావికి మూత, వాకిలికి గడియ, జేబులో చిరునామా చీటీ తప్పనిసరి. వీధిలో కొట్టువాడికి, ఆటోవాళ్ళకు బిడ్డను పరిచయం చేసి ఉంచండి. దాచిపెట్టిన బిడ్డను ఊరు కాపాడలేదు.

అనుమానం కలిగితే ఆలస్యం చేయకండి. ప్రభుత్వ ఆసుపత్రులకు అనుబంధంగా జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు 2013 తరువాత ఏర్పడ్డాయి. చెన్నై దగ్గర ముట్టుకాడులోనూ, మన సికిందరాబాదులోనూ జాతీయ సంస్థలున్నాయి. తగిన ధ్రువపత్రం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత చదువు 2016 చట్టం ఇచ్చిన హక్కు. 18 దాటిన తరువాత అవసరమైతే కలెక్టరు ఉండే స్థానిక కమిటీ ద్వారా సంరక్షకుణ్ణి నియమింపజేసుకోవచ్చు.

అయినా ప్రతి తల్లీ రాత్రిపూట తనను తాను అడుగుకునే ప్రశ్న ఒకటుంది. "నా తరువాత వీడికి ఎవరు?" కాగితం మీది సంరక్షకుడు ఒక జవాబు. అన్న, అక్క, మేనమామ, పక్కింటి అత్త ఇప్పటినుంచే వారానికి ఒక పూట ఆ బిడ్డతో గడపడం రెండో జవాబు. తల్లికి ఆ పూట విశ్రాంతి, బిడ్డకు మరో మనిషితో అలవాటు.

బడి లేకుండా, బలపం లేకుండా, నాలుగైదు వందల ఏళ్ళు ఒక భాషను ఒడిలో పెట్టుకుని కాపాడిన ఇళ్ళు అవి. చప్పున జవాబు రాకపోయినా మాట్లాడుతూనే ఉండడం ఆ ఇళ్ళకు కొత్త కాదు. ఆ ఓర్పు ఈ బిడ్డలకూ దక్కాలి. సరిహద్దుకు ఇటువైపు రెండు భాషల మధ్య బతికే మన ఇళ్ళకూ ఇదే వర్తిస్తుంది. ఈ సాయంత్రం మీ వీధిలో అలాంటి బిడ్డ కనిపిస్తే, వాడు తిరిగి చూడకపోయినా సరే, పేరు పెట్టి పిలవండి.