ఐదు–ఐదు దగ్గర

2005 ఫిబ్రవరి 12, శనివారం. హైదరాబాద్ ఫతేమైదాన్‌లోని టెన్నిస్ కోర్టు. హైదరాబాద్ ఓపెన్ సింగిల్స్ ఫైనల్. రెండో సెట్ ఐదు–ఐదు.

మొదటి సెట్ 6–4తో సానియా మీర్జాదే. ఇంకో రెండు గేములు వరసగా గెలిస్తే కప్పు ఆమెదే. ఆ రెండు గేములూ ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొండారెంకో ఎగరేసుకుపోయింది. 7–5. సెట్లు సమానం.

సానియాకి పద్దెనిమిదేళ్లు. ర్యాంకు వంద బయటే. మూడు వారాల కిందటే ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్‌లో సెరెనా విలియమ్స్ చేతిలో 6–1, 6–4తో ఓడి వచ్చింది. అక్కడ ఓడినా భుజం తట్టారు. సొంతూళ్లో, చేతికందిన ఫైనల్ జారిపోతే ఆ ఓదార్పు ఉండదు.

హార్డ్ కోర్టంటే గట్టి నేల మీద అక్రిలిక్ పూత. మట్టి కోర్టులో కన్నా బంతి వేగంగా వస్తుంది, లేచే ఎత్తు ముందే అంచనాకి అందుతుంది. ఫోర్‌హ్యాండ్ బలంగా బాదేవాళ్లకి ఇది వరం. సానియా బలమంతా ఆ ఫోర్‌హ్యాండే. సర్వీసు మాత్రం అంత పదునుది కాదు. అందుకే సర్వీసు దాటి బంతి ఆటలో పడ్డాకే ఆమె అసలు ఆట.

మూడో సెట్ 6–3. మొత్తం 31 గేముల్లో సానియావి 17, బొండారెంకోవి 14. తేడా మూడంటే మూడు. భారతీయ మహిళ డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలవడం అదే మొదటిసారి. మూడు వారాలు తిరక్కుండానే దుబాయ్‌లో యూఎస్ ఓపెన్ చాంపియన్ కుజ్నెత్సోవానీ ఓడించింది.

హైదరాబాద్ ఓపెన్ చిన్న టోర్నీ. నా దృష్టిలో దాని గొప్పతనమే అది. పెద్ద టోర్నీల్లో నేరుగా చోటు దొరకని ఇంటి పిల్లకి అది తలుపు తీసింది. ముందటేడాది ఇక్కడే లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ కూడా గెలిచింది. పటాన్‌చెరులో సిటీ బస్సెక్కి, అప్పటి తొమ్మిదో నంబరు జాతీయ రహదారి మీదుగా వెళ్లి, పొద్దుగూకేలోగా ఇల్లు చేరగలిగినంత దూరంలో అంతర్జాతీయ ఆట జరిగింది. షిఫ్టుల లెక్కన బతికే మన పటాన్‌చెరు పారిశ్రామిక బెల్టు ఇళ్లలో టెన్నిసంటే టీవీలో కనిపించే ఆటే కదా!

సానియా ఆ తర్వాత డబుల్స్, మిక్స్‌డ్ కలిపి ఆరు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచింది. సింగిల్స్‌లో మరో డబ్ల్యూటీఏ కప్పు దక్కలేదు. టోర్నీ 2006లో బెంగళూరుకి తరలిపోయింది. అలాంటిది మళ్లీ రావాలి. వస్తే సంగారెడ్డి, పటాన్‌చెరు సర్కారు బడుల పిల్లల్ని బస్సుల్లో తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాలి.