సభ జవాబు చెప్పాలి: సరిహద్దు పల్లెల భారతం, ప్రేక్షకుడు పాల్గొనే నాటకం, సాంస్కృతిక వైవిధ్య బోధన

పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి అంచున, మదనపల్లె, పుంగనూరు, రామసముద్రం, కుప్పం ప్రాంతాల్లో బడికొచ్చే పిల్లలకు భిన్న సంస్కృతులు కొత్త కావు. రామసముద్రం మండలం కర్ణాటకలోని కోలారు జిల్లాను ఆనుకొని ఉంది. కుప్పం నుంచి ఒక పక్కకు పోతే కన్నడ సీమ, మరో పక్కకు పోతే తమిళ సీమ. సంతలో తెలుగులో మొదలైన బేరం కన్నడంలో తెగుతుంది. ఇంట్లో తమిళమో ఉర్దూనో మాట్లాడే పిల్లలు బడిలో తెలుగు పద్యం అప్పజెబుతారు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని కుప్పంలో నెలకొల్పడంలో ఈ భాషల కూడలికి ఉన్న ప్రాధాన్యం తెలిసిందే. అయినా పక్కపక్కన బతికినంత మాత్రాన ఒకరి కష్టం మరొకరికి తెలియదు. ఒకే వీధిలో తరతరాలుగా ఉంటూ అవతలి వాళ్ళ ఇంట్లో నీళ్ళు తాగని కుటుంబాలు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. ఈ దూరాన్ని తగ్గించడానికి ప్రేక్షకుడు పాల్గొనే నాటకం మంచి సాధనమనీ, దానికి కావలసిన రూపం ఈ ప్రాంతపు భారత ఉత్సవాల్లో సగం సిద్ధంగానే ఉందనీ, కొరవడిన సగాన్ని మాత్రం బయటినుంచి తెచ్చుకోక తప్పదనీ ఈ వ్యాసంలో ప్రతిపాదిస్తున్నాను.

బడుల్లో వైవిధ్యం గురించి చెప్పే తీరు ఇప్పటికీ ఎక్కువగా జాబితా పద్ధతే. ఏ రాష్ట్రం వాళ్ళు ఏం కడతారు, ఏం తింటారు, ఏ పండుగ చేస్తారు అన్న పట్టికను పిల్లలు బట్టీ పడతారు. వార్షికోత్సవం నాడు తలా ఒక రాష్ట్రం వేషం కట్టి వేదిక మీద నిలబడతారు. మదనపల్లెకు ఈ విషయంలో ఒక విశేషమైన చరిత్ర ఉంది. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ ఇక్కడి థియోసాఫికల్ కళాశాలలో బస చేసి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించారు. మార్గరెట్ కజిన్స్ దాని బాణీని స్వరబద్ధం చేయడానికి తోడ్పడ్డారు. దేశంలోని ప్రాంతాలన్నిటినీ ఒక్క గొంతులో పలికించిన ఆ గీతం ఎంత గొప్పదైనా, పాడే పిల్లవాణ్ణి అది ఏ నిర్ణయమూ తీసుకోమని అడగదు. గీతం పని అది కాదు కూడా. మన వైవిధ్య బోధన మాత్రం అక్కడే ఆగిపోయింది. పేర్లు పలికితే చాలు, పరిచయం అయిపోయినట్టే అనుకున్నాం. 2020 జాతీయ విద్యావిధానం కళలతో కలిపి బోధించాలని చెప్పింది గానీ, వేషం కట్టించి ఫోటో తీయించడాన్నే కళతో కలిసిన బోధనగా లెక్కవేస్తే ఆ మాటకు అర్థం లేదు.

దీనికి భిన్నమైన దారి 1973లో పెరూ దేశంలో కనబడింది. అక్కడి ప్రభుత్వ అక్షరాస్యతా కార్యక్రమంలో బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ పనిచేశాడు. తల్లిభాషను వదులుకోమని ఎవరినీ బలవంతపెట్టకుండా, తల్లిభాషలోనూ స్పానిష్‌లోనూ కూడా చదువు చెప్పాలన్నది ఆ కార్యక్రమం లక్ష్యం. నాటకాన్ని కూడా ఒక భాషగానే లెక్కించి నేర్పారు. నటులు ఒక సమస్యను ఆడి ఆపుతారు. ప్రేక్షకులు పరిష్కారం చెబితే నటులు దాన్ని ఆడి చూపిస్తారు. ఒక ప్రదర్శనలో ఒక స్త్రీ తాను చెప్పినదాన్ని నటులు సరిగా ఆడడం లేదని మళ్ళీ మళ్ళీ అభ్యంతరం చెప్పి, చివరికి తానే వేదిక ఎక్కిందనీ, ఆ ఘటనే తనకు దారి చూపిందనీ బోల్ చెప్పుకున్నాడు. చర్చా నాటకం అని మనం పిలవదగ్గ ప్రక్రియ అలా రూపుకట్టింది. ఇందులో బాధితుడి పాత్ర స్థానంలోకి ప్రేక్షకుడు వచ్చి తన తెలివితో వేరే దారి వెతుకుతాడు, ఎదుటి పాత్రధారి తేలిగ్గా లొంగడు. 1985లో సంజయ్ గంగూలీ స్థాపించిన పశ్చిమ బెంగాల్‌లోని జన సంస్కృతి ఈ పద్ధతిని దశాబ్దాలుగా పల్లెల్లో నడుపుతోంది. భాషా భేదాల మధ్య పుట్టిన ప్రక్రియ కాబట్టి మూడు భాషల కుప్పానికి ఇది పరాయిది కానక్కరలేదు.

ఇక మన ప్రాంతంలో ఉన్నదేమిటో చూద్దాం. ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళ దగ్గర ఏటా వేసవిలో జరిగే భారత ఉత్సవాలు చాలాచోట్ల 18 రోజులు సాగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. పగలు భాగవతార్ చెప్పిన ఘట్టాన్నే రాత్రి వేషగాళ్ళు ఆడతారు. కొన్ని ఘట్టాలు వేదికను దాటి ఊళ్ళోకి వచ్చేస్తాయి. బకాసుర వధ నాడు భీముడు అన్నం బండితో వీధులు తిరుగుతాడు. అర్జున తపస్సు నాడు వేషధారి పాడుతూ ఎత్తైన మాను ఎక్కుతాడు. సంతానం కోరే స్త్రీలు తడిచీరలతో కింద సాగిలపడతారు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయలు, విభూతి కోసం జనం చేతులు చాస్తారు. దుర్యోధన వధ నాడు మట్టితో చేసిన భారీ విగ్రహం చుట్టూ పోరు నడుస్తుంది, ద్రౌపది జుట్టు ముడుస్తుంది. చివర అగ్నిగుండం. ఇక్కడ ప్రేక్షకుడు, పాత్రధారి అన్న గీత చెరిగిపోతుంది, ఊరే హస్తినాపురమవుతుంది. ఆడేది పౌరాణికమే అయినా హాస్యగాడు వర్తమానాన్ని నిస్సంకోచంగా లోపలికి లాక్కొస్తాడు. తమిళ కూత్తులో కట్టియక్కారన్‌కు, తెలుగు తోలుబొమ్మలాటలో కేతిగాడికి ఉన్న ఆ స్వేచ్ఛ రాజు పాత్రకు లేదు. బుర్రకథలో హాస్యం వంత, రాజకీయం వంత చేసేదీ ఇలాంటి పనే: కథను మధ్యలో ఆపి ప్రశ్న వేయడం.

ఈ సంప్రదాయం లోపలే వైవిధ్యం ఎంత లోతుగా ఉందో చాలామందికి తెలియదు. ఆల్ఫ్ హిల్టబైటెల్ 1988లో మొదటి సంపుటం వెలువరించిన ద్రౌపది ఆరాధన అధ్యయనంలో, తమిళనాడులోని జింజీ ప్రాంతపు ద్రౌపది గుళ్ళకు పోత్తురాజుతో పాటు ముత్తాల రావుత్తన్ అనే ముస్లిం వీరుడు కూడా కావలిగా ఉంటాడని వివరంగా నమోదు చేశాడు. ద్రౌపదిని కొలిచే బెంగుళూరు కరగ ఊరేగింపు ధర్మరాయ స్వామి గుడి నుంచి బయలుదేరి మస్తాన్ సాహెబ్ దర్గాకు వెళ్ళడం ఈనాటికీ తప్పని ఆచారం. ఒకే దేవత ఆరాధన మూడు భాషల సీమల్లో, రెండు మతాలను కలుపుకొని నడుస్తున్నదంటే సరిహద్దు ప్రాంతపు ఉపాధ్యాయుడికి ఇంతకన్నా మంచి పాఠ్యాంశం ఏముంటుంది?

అలాగని ఇక్కడే తృప్తిపడి కూర్చుంటే పొరపాటు. ఈ ఉత్సవంలో పాల్గొనే హక్కు అందరిదీ అయినా, ఏ పని ఎవరిదన్నది చాలాచోట్ల కులాన్నీ వంశాన్నీ బట్టి ముందే తేలిపోయి ఉంటుంది. ద్రౌపది వేషం సంప్రదాయంగా మగవాళ్ళే కట్టారు. జనం లోపలికి వస్తారు. కానీ కథ నడకను మార్చడానికి రారు. ఈ పరిమితి అన్నిటికన్నా స్పష్టంగా బయటపడేది వస్త్రాపహరణం రాత్రి. తనను తాను ఓడిపోయిన భర్తకు నన్ను పణం పెట్టే హక్కు ఉందా అని ద్రౌపది సభను అడుగుతుంది. భీష్ముడు ధర్మం సూక్ష్మమైనదని తప్పుకుంటాడు. కౌరవ సోదరుల్లో వికర్ణుడొక్కడు లేచి మాట్లాడతాడు. అతన్ని కర్ణుడు అదిలిస్తాడు. సభలో ఎక్కువమంది మౌనం. వీధి నాటకంలో ఆ సభ ఎక్కడుంది? చాపలు పరుచుకొని కూర్చున్న జనమే ఆ సభ. వాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటారు, దండాలు పెడతారు, అయినా సభలాగే జవాబు చెప్పరు. నా వాదనకు కేంద్రం ఈ ఘట్టమే. నాటకాన్ని ఎక్కడ ఆపాలో వ్యాసుడే చూపించాడు. ఆపి, సభను లేచి మాట్లాడమనే అధికారం మాత్రం మన సంప్రదాయం ఇవ్వలేదు. బోల్ పద్ధతి ఇచ్చింది.

తరగతి గదిలో దీన్ని ఇలా నడపవచ్చు. ముందు సభాఘట్టాన్ని పిల్లలు తమ మాటల్లో ఆడతారు. ద్రౌపది ప్రశ్న దగ్గర హాస్యగాడి పాత్రలో ఉన్న ఉపాధ్యాయుడు ఆట ఆపి, వికర్ణుడి పక్కన ఇంకెవరు నిలబడతారని అడుగుతాడు. ఆ తర్వాత అదే చట్రంలో నేటి ఘట్టం వస్తుంది: ఇంట్లో తమిళం మాట్లాడే పిల్ల తెలుగు ఉచ్చారణ విని తరగతి నవ్వడం, మతం పేరు చెప్పగానే ఇల్లు అద్దెకు లేదనడం, మధ్యాహ్న భోజనంలో ఒకరి పక్కన మరొకరు కూర్చోకపోవడం. కన్నడంలో వచ్చిన మాటను హాస్యగాడు తెలుగులోకి తిప్పుతాడు. నవ్విన తరగతికి నవ్వు ఎందుకు తప్పో ఉపన్యాసం చెప్పనక్కరలేదు. ఆ పిల్ల స్థానంలో నిలబడి, ఎదుట ముప్పై మంది నవ్వుతుంటే ఏం చేయాలో తేల్చుకోవలసి రావడమే పాఠం. ఈ ప్రాంతపు రిషి వ్యాలీ విద్యావనరుల కేంద్రం పల్లె బడుల కోసం రూపొందించిన మెట్రిక్ మేళాలో ఊరివాళ్ళు బడికి వచ్చి పిల్లల చేత కొలతలు కొలిపించుకుంటారు. లెక్కల పాఠానికి ఊరు కదిలి వచ్చినప్పుడు ఈ పాఠానికి రాదనుకోవడానికి కారణం లేదు.

దీనిమీద వచ్చే ఆక్షేపణల్లో మొదటిది భక్తికి సంబంధించినది. భారతం ఆడటం వ్రతం. దాన్ని మధ్యలో ఆపి చర్చకు పెట్టడం అపచారమంటారు. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయకూడదు. గుడి దగ్గర జరిగే ఉత్సవాన్ని ఎవరూ ముట్టుకోవద్దు, అది నమ్మినవాళ్ళది. బడి తీసుకునేది దాని నిర్మాణాన్ని మాత్రమే. పైగా కథ ఆపి లోకం పోకడ మీద వ్యాఖ్యానించడం పగటి హరికథలో భాగవతార్ ఎప్పటినుంచో చేస్తున్నాడు. ఆ హక్కును వినేవాళ్ళకు కూడా పంచుతున్నాం, అంతే.

రెండో ఆక్షేపణ ఇంకా బలమైనది. ఇతరుల వేషం కట్టించడం వల్ల అవగాహన పెరగకపోగా వెక్కిరింత పెరుగుతుందంటారు. వీధి నాటకాల హాస్యంలో కొన్ని కులాల యాసను, నడకను ఎగతాళి చేసిన సందర్భాలు ఉన్నమాట నిజం. అందుకే వేషానికీ పరిస్థితికీ తేడా పాటించాలి. పిల్లవాణ్ణి ముస్లింలా, దళితుడిలా నటించమనకూడదు. టోపీ, యాస, నడక అవసరం లేదు. ఆ పరిస్థితిలో నువ్వుంటే ఏం చేస్తావని మాత్రమే అడగాలి. ఘట్టాన్ని ఎంచుకునే హక్కు ఆ అనుభవం ఉన్నవాళ్ళకే ఉండాలి, పేరు బయటపెట్టమని ఎవరినీ బలవంతం చేయకూడదు. అణచేవాడి పాత్రను మార్చి, అతన్ని ఒక్కసారిగా మంచివాణ్ణి చేయడానికి ఒప్పుకోకూడదు. అలా చేస్తే సమస్య మంత్రం వేసినట్టు మాయమై, పిల్లలకు మిగిలేది ఊరట మాత్రమే. ఈ నియమాలు పాటించలేని చోట ఈ పద్ధతి వాడకపోవడమే మేలు.

ఒక్క ప్రదర్శనతో ఏం మారుతుందన్నది మూడో ప్రశ్న. ఏమీ మారకపోవచ్చు. జన సంస్కృతి బృందాలు వెళ్ళిన ఊరికే మళ్ళీ మళ్ళీ వెళ్ళేది అందుకే. మన భారతం 18 రోజులు సాగేదీ, మళ్ళీ ఏడాది తిరిగొచ్చేదీ అందుకే. ఒక దినోత్సవం నాడు గంటసేపు ఆడి చేతులు దులుపుకునే కార్యక్రమంగా దీన్ని మార్చేస్తే, నేను పైన తప్పుపట్టిన వేషాల పోటీకీ దీనికీ తేడా ఉండదు. విద్యా సంవత్సరం పొడవునా, నెలకొక ఘట్టం చొప్పున, అవే పిల్లలతో నడవాలి. పరీక్షల ఒత్తిడి మధ్య సమయం లేదంటారు గానీ, తెలుగు, సాంఘిక శాస్త్రం పీరియడ్లలో ఇది ఇమడగలదు.

ఈ పని మొదలుపెట్టడానికి ద్రావిడ విశ్వవిద్యాలయం కన్నా తగిన చోటు మరొకటి లేదు. అక్కడి భాషా శాఖలు కుప్పం, పుంగనూరు, మదనపల్లె చుట్టుపక్కల వీధి నాటక కళాకారులను గౌరవ వేతనంతో శిక్షకులుగా పిలవాలి. మూడు రాష్ట్రాల సరిహద్దు బడుల ఉపాధ్యాయులను వాళ్ళ దగ్గర కూర్చోబెట్టాలి. ఫలితాన్ని చప్పట్లతో కొలవకుండా, ఏడాది తర్వాత ఆ పిల్లలు భోజనానికి ఎవరి పక్కన కూర్చుంటున్నారో చూసి కొలవాలి. భారతం ఆడే పెద్ద కళాకారులు మన మధ్య ఉండగానే ఈ ప్రయోగం జరగాలని ఈ ప్రాంతపు విద్యావేత్తలకు నా విన్నపం.